పాత్రల ఆట, మా బల్ల, మా తీరు: విజయనగరంలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం మధ్యాహ్నాలు విజయనగరంలో మా మేడ మీద టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలు నడుస్తుంటాయి. నడిపేది నేను. కొత్తగా చేరాలనుకునేవాళ్ళూ, చేరాలా వద్దా అని ఊగిసలాడేవాళ్ళూ, పిల్లలు ఎక్కడికి వెళుతున్నారో చూసిపోదామని వచ్చే తల్లిదండ్రులూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. అందుకే జవాబులు రాసి పెట్టాను. వీటిలో సగం ఆట గురించిన సంగతులు, సగం నా ఇష్టాయిష్టాలు. ఏది ఏదో తెలిసేలాగే రాశాను.

ఇంతకీ ఏమిటీ ఆట?

నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు తప్ప మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. దొంగ, మంత్రసాని, ఓడ సరంగు, ఎవరైనా కావచ్చు. ఆ మిగిలిన ఒకరు గేమ్ మాస్టర్. ఊరు ఎలా ఉంది, ఎదురుగా ఎవరున్నారు, ఏ ఆపద ముంచుకొస్తోంది అన్నది గేమ్ మాస్టర్ చెప్పి, "ఇప్పుడు మీరేం చేస్తారు?" అని అడుగుతారు. మీరు చెబుతారు. జరుగుతుందా లేదా అన్న సందేహం ఉన్నచోట డైస్ వేస్తాం. చివరి గడి ఉండదు, గెలిచినవాళ్ళు ఉండరు.

ఈ తరహాలో మొదట అచ్చయి అమ్మకానికి వచ్చిన ఆట డన్జియన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దాన్ని తెచ్చారు. అంతకుముందు ఇద్దరూ సైనికుల బొమ్మలతో యుద్ధాల ఆటలు ఆడినవాళ్ళే. ఒక బొమ్మ అంటే ఒక దళం అనుకునే చోట, ఒక బొమ్మ అంటే ఒక మనిషి అనుకోవడం నుంచి కొత్త ఆట పుట్టింది. ఇప్పటికీ ఆటతీరుల గురించి జరిగే తగవుల్లో సగం ఆ పుట్టుకలోనే ఉన్నాయని నా అభిప్రాయం. కొందరు ఇంకా యుద్ధం ఆడుతున్నారు, కొందరు మనిషిని ఆడుతున్నారు.

రూల్‌బుక్ ఒకటే అయినప్పుడు "తీరు" వేరుగా ఎలా ఉంటుంది?

ఇది అన్నిటికంటే మంచి ప్రశ్న, కాబట్టి కాస్త పొడుగ్గా చెబుతాను.

మనకు బాగా తెలిసిన సంగతి తీసుకుందాం. 1757 జనవరి 24, బొబ్బిలి కోట. బయట ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులూ విజయనగరం రాజు విజయరామరాజు సేనలూ. లోపల బొబ్బిలి రాజు రంగారావు మనుషులు. తాండ్ర పాపారాయుడు రాజాంలో ఉన్నాడు. మీ నలుగురి పాత్రలు కోటలో ఉన్న మామూలు మనుషులు. ముందు రోజు రాత్రి దగ్గర ఆట మొదలుపెడదాం.

ఒక బల్ల దగ్గర ఇది పూర్తిగా లెక్కల ఆట అవుతుంది. గళ్ళ కాగితం మీద కోట గీస్తారు. ఫిరంగి గుండు ఎన్ని గళ్ళు వెళుతుంది, ఏ బురుజు దగ్గర ఎంతమంది ఉండాలి, మందుగుండు ఎన్ని పీపాలు మిగిలింది అని చూసుకుంటారు. మూడు గంటల ఆటలో ఇరవై నిమిషాల యుద్ధం జరుగుతుంది. ఒక ఆటగాడు తన వంతు వచ్చినప్పుడు వేసిన ఎత్తుకు మిగతావాళ్ళు చప్పట్లు కొడతారు. ఆ ఆనందం నిజమైనది, దాన్ని చులకన చేయను.

ఇంకో బల్ల దగ్గర గోడ ఎత్తు ఎంతో ఎవరికీ పట్టదు. కోటలో వంట చేసే మనిషి తమ్ముడు బయట విజయరామరాజు సేనలో ఉన్నాడు. ఆ రాత్రి అతను గోడ కింద నిలబడి అక్కను పిలుస్తాడు. ఆమె తాడు వేస్తుందా? వేస్తే పైకి వచ్చేది తమ్ముడేనా, గూఢచారా? డైస్ ఒకటి రెండుసార్లు మాత్రమే పడుతుంది. మిగతాదంతా మాటలే. ఒకరిద్దరికి కళ్ళ నీళ్ళు తిరుగుతాయి.

మూడో బల్ల దగ్గరివాళ్ళకు ఆ కాలంలో బతకడమే కావాలి. అప్పుడు ఏం తినేవాళ్ళు, తుపాకీ మళ్ళీ నింపడానికి ఎంతసేపు పట్టేది, రాజును ఎలా సంబోధించాలి అని పట్టించుకుంటారు. జరిగిన చరిత్ర జరిగినట్టే జరగాలి. కోట పడుతుందని అందరికీ ముందే తెలుసు. తెలిసీ దాని లోపల ఉండడమే వాళ్ళకు కావలసింది.

నాలుగోదానిలో చరిత్ర ఆట మొదలయ్యే క్షణం వరకే. ఆ తరువాత ఏదైనా జరగవచ్చు. రాత్రికి రాత్రి ఒకరు గోడ దిగి, శత్రు శిబిరం దాటి, రాజాం చేరగలిగితే పాపారాయుడు సమయానికి వస్తాడు. దారిలో పట్టుబడితే కబురు అక్కడితో ఆగిపోతుంది. ఏమవుతుందో నాకూ తెలియదు.

నాలుగు చోట్లా రూల్‌బుక్ ఒకటే ఉండవచ్చు. మొదటి బల్లకు అలవాటుపడ్డ మనిషిని రెండో బల్ల దగ్గర కూర్చోబెడితే గంటలో ఆవలింతలు మొదలవుతాయి. తప్పు అతనిదీ కాదు, బల్లదీ కాదు.

(బొబ్బిలి నుంచి వచ్చినవాళ్ళూ విజయనగరంవాళ్ళూ ఒకే బల్ల దగ్గర ఉంటే ఈ ఆటకు నాది ఒకటే షరతు. బొబ్బిలి మనిషి విజయరామరాజు సిపాయి కావాలి, విజయనగరం మనిషి కోటలో ఉండాలి. లేకపోతే రెండున్నర శతాబ్దాల కిందటి గొడవ మా మేడ మీద మళ్ళీ మొదలవుతుంది.)

మీకు ఏ తీరు ఇష్టం?

నాలుగోది. ముందే తెలిసిపోయిన కథలోకి ఆటగాళ్ళను నడిపించడం నాకు నచ్చదు. కథ ఆటలో పుట్టాలి, ఆట ముగిశాక వెనక్కి తిరిగి చూస్తే కనబడాలి. నియమాలు తక్కువగా ఉండాలి. డైస్ అందరి ముందూ పడాలి. పాత్ర చనిపోయే అవకాశం నిజంగా ఉండాలి. రెండో తీరు కూడా ఇష్టమే కానీ ప్రతి వారం ఆడలేను, అలసిపోతాను. మొదటిది ఎవరైనా నడిపితే ఆడడానికి వెళతాను, నేను నడపను. మూడోదానికి నాకు ఓపిక లేదు.

ఆటగాళ్ళను రకాలుగా విడదీసే సిద్ధాంతాలు ఉన్నాయట. నమ్మవచ్చా?

ఉన్నాయి, చాలా ఉన్నాయి. 1980లోనే గ్లెన్ బ్లాకో అనే ఆయన నాలుగు ధోరణులు చెప్పాడు: పాత్ర బలాన్ని పెంచుకుంటూ పోవడం, పాత్రలో ఒదిగిపోవడం, యుద్ధతంత్రం, కథనం. 1990ల చివర్లో మూడు వైపుల నమూనా ఒకటి వచ్చింది. ఆటగా సవాలు, నాటకీయత, ఆటలోని లోకం నమ్మేలా నడవడం అన్నవి ఆ మూడు వైపులు. ఆటలు తయారుచేసే రాన్ ఎడ్వర్డ్స్ దాన్ని తనకు తోచినట్టు మార్చి, ఒక ఆట ఈ మూడింటిలో ఒకదానికి గట్టిగా కట్టుబడితేనే బాగుంటుందన్నాడు. 2002లో రాబిన్ లాస్ గేమ్ మాస్టర్ల కోసం రాసిన చిన్న పుస్తకంలో ఏడు రకాల ఆటగాళ్ళను వర్ణించాడు. అందులో నాకు బాగా నచ్చింది చివరి రకం: స్నేహితుల కోసం వచ్చి, పెద్దగా మాట్లాడకుండా కూర్చునే మనిషి. అలాంటివాళ్ళను బలవంతంగా కథ మధ్యలోకి లాగవద్దని ఆయన సలహా. ప్రతి బల్లకూ అలాంటి మనిషి ఒకరు ఉండాలంటాను నేను. మా బల్ల దగ్గర ఆ మనిషి మాట్లాడేది సాయంత్రానికి రెండు వాక్యాలు. ఆ రెండూ అందరికీ గుర్తుంటాయి.

ఎడ్వర్డ్స్ చెప్పిన కట్టుబాటుతో మాత్రం నాకు పేచీ ఉంది. ఆటల తయారీకి అది పనికొచ్చింది, అలా కట్టుబడి రాసిన మంచి ఆటలు ఎన్నో వచ్చాయి. మనుషులకు వర్తించదు. మధ్యాహ్నం మూడు గంటలకు వచ్చినప్పుడు ఎత్తులూ లెక్కలూ కోరుకునే మనిషే, టీ తాగి కూర్చున్నాక తన పాత్ర తండ్రి గురించి మాట్లాడాలనుకుంటాడు. వారమంతా బ్యాంకులో అంకెలు చూసిన ఆటగాడొకరు మా దగ్గర అంకెలున్న పాత్రను ముట్టుకోరు. అదే బ్యాంకులో పనిచేసే ఇంకొకరికి అంకెలు తప్ప ఏదీ రుచించదు. ఈ సిద్ధాంతాలను మనిషి మీద అంటించే చీటీలుగా వాడితే చెడతాయి. "ఈ రోజు మీకు ఏం కావాలి?" అని అడగడానికి మాటలు అందిస్తాయి, అక్కడికి ఉపయోగమే.

ఏ డైస్ వాడతారు? ఇరవై ముఖాలదా, లూడో డైసా?

చిన్న విషయంలా కనబడుతుంది కానీ ఆట స్వభావం ఇక్కడే తేలుతుంది.

డన్జియన్స్ అండ్ డ్రాగన్స్‌లో ముఖ్యమైనది ఇరవై ముఖాల డైస్. ప్రతి ముఖానికీ ఐదు శాతం అవకాశం. ఒకటి పడడం, ఇరవై పడడం, పదకొండు పడడం అన్నీ సమానమే. అందుకే ఆరితేరిన కత్తిసాము వీరుడు కూడా మాటిమాటికీ తడబడతాడు, కుర్రవాడు గురిచూసి కొడతాడు. కొందరికి ఈ ఊగిసలాటే ఆట. ఇరవై పడినప్పుడు బల్ల చుట్టూ లేచే కేక వింటే వాళ్ళది తప్పనలేం. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో అనుకూల పరిస్థితి ఉంటే రెండు డైస్ వేసి పెద్దది తీసుకోమన్నారు. అప్పుడు ఇరవై పడే అవకాశం దాదాపు పది శాతానికి చేరుతుంది. చిన్న నియమమే కానీ చాలా తెలివైనది.

నాకు ఇష్టమైనది రెండు మామూలు డైస్ కలిపి వేసే పద్ధతి. 2010లో విన్సెంట్ బేకర్, మెగె బేకర్ రాసిన అపోకలిప్స్ వరల్డ్‌తో ఇది బాగా వ్యాపించింది. రెండు డైస్ కలిపి పది లేదా అంతకు పైగా వస్తే అనుకున్నది జరుగుతుంది. ఏడు నుంచి తొమ్మిది వస్తే జరుగుతుంది కానీ ఏదో మూల్యం చెల్లించాలి. ఆరు లేదా అంతకు తక్కువైతే కష్టం మీ మీద పడుతుంది. మొత్తం 36 కలయికల్లో పదీ ఆపైన వచ్చేవి 6, మధ్యలో పడేవి 15, కింద పడేవి 15. మీ పాత్రకు ఆ పనిలో ఒక పాయింటు నేర్పు ఉంటే అది మొత్తానికి కలుస్తుంది కాబట్టి అవి 10, 16, 10 అవుతాయి. అంటే అన్నిటికంటే ఎక్కువగా పడేది ఆ మధ్యస్థితే: పని అయింది, కానీ.

ఆ "కానీ" కోసమే నేను ఆట నడుపుతాను. తాళం తెరుచుకుంది, కానీ కాపలావాడి దగ్గు వినబడింది. గుడిపాటి వెంకటచలం పాత్రలకైనా, జమీందారు దివాణంలో గుమాస్తాకైనా జీవితంలో ఎదురయ్యేది ఎక్కువగా ఆ "కానీ"యే. అనుకున్నది జరిగింది, జరగలేదు అని రెండే దారులున్న ఆటలో గేమ్ మాస్టర్ దాన్ని తన బుర్రలోంచి తీసుకురావాలి. ఇక్కడ డైసే తెచ్చి చేతిలో పెడుతుంది.

ఇంకో సౌలభ్యం కూడా ఉంది. రెండు లూడో డైస్ ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. ఇరవై ముఖాలది కావాలంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి.

డైస్ దాచి వేస్తారా?

వేయను. చాలామంది గేమ్ మాస్టర్లు అట్ట అడ్డం పెట్టుకుని, వెనక వేసి, కథ బాగుండడం కోసం అంకె మార్చి చెబుతారు. ఆటగాళ్ళు సరదాగా గడపాలన్న మంచి ఉద్దేశమే అది. కానీ ఒకసారి మార్చారని తెలిస్తే ఆ తరువాత గెలిచిన ప్రతిదీ మీరు ఇచ్చిన దానమే అవుతుంది. డైస్ మాట వినదలచుకోకపోతే అసలు వేయకండి, నేరుగా చెప్పేయండి.

నా పాత్ర చనిపోతుందా? చాలా కష్టపడి రాసుకున్నాను.

చనిపోవచ్చు. అందుకే అంత కష్టపడి రాసుకురావద్దని ముందే చెబుతాను. పేరు, ఒక పని, ఒక కోరిక, ఒక భయం ఉంటే చాలు. గతం పది పేజీలు రాసుకొచ్చే పాత్రలకు భవిష్యత్తు మిగలదని నా ఫిర్యాదు.

ఈ విషయంలో ఆటల మధ్య తేడా చాలా ఎక్కువ. 1981 నాటి డన్జియన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ సెట్‌లో కొత్త మాంత్రికుడి ప్రాణం నాలుగు ముఖాల డైస్ ఒకసారి వేస్తే వచ్చినంత. మామూలు దెబ్బకు ఆరు ముఖాల డైస్. లెక్క మీరే వేసుకోండి. 2014 ఎడిషన్‌లో ప్రాణం సున్నాకు వచ్చినా మనిషి వెంటనే పోడు. తన వంతు వచ్చినప్పుడల్లా డైస్ వేస్తూ, మూడు ఓటములకు ముందు మూడు గెలుపులు తెచ్చుకుంటే ప్రాణం నిలుస్తుంది. పక్కవాళ్ళు ఈలోపే కాపాడతారు. 1977లో వచ్చిన ట్రావెలర్ అనే అంతరిక్షపు ఆట ఇంకో అడుగు ముందుకు వేసింది. పాత్రను తయారు చేస్తుండగానే, ఉద్యోగ జీవితం లెక్కలు వేస్తున్నప్పుడే ఆ పాత్ర చనిపోవచ్చు. ఆట మొదలు కాకముందే పోయిన మనిషికి ఏ కాష్ఠం పేర్చాలో!

నేను మధ్యలో ఉంటాను. చావు ఉంటుంది, కానీ చెప్పకుండా రాదు. "ఇక్కడ దూకి గురి తప్పితే ప్రాణం పోతుంది, వేస్తారా?" అని అడిగాకే డైస్ పడుతుంది. వేసేది మీ చెయ్యి.

నాకు నటన రాదు, సిగ్గు. ఆడవచ్చా?

నిక్షేపంగా. "నేను దివాను గారిని బతిమాలుకుంటాను, మా నాన్న చేసిన సేవ గుర్తుచేస్తాను" అని చెబితే చాలు. గొంతు మార్చి, కళ్ళు పెద్దవి చేసి చెప్పనక్కరలేదు. బుర్రకథ విన్నవాళ్ళకు ఇది కొత్త కాదు. కథకుడు "అప్పుడు పాపారాయుడు ఏమన్నాడంటే" అంటూ బయట నిలబడి చెబుతాడు, మరుక్షణం తానే పాపారాయుడై గర్జిస్తాడు, వంతలవాళ్ళు అడ్డు తగిలితే మళ్ళీ బయటికి వస్తాడు. ఆ రాకపోకలు మన చెవికి అలవాటే. మా బల్ల దగ్గర ఎక్కువ మంది అలాగే ఆడతారు.

మంచి మాటకారి డైస్ లేకుండానే ఎదుటివాణ్ణి ఒప్పించేస్తుంటే, మాటలు రానివాళ్ళకు అన్యాయం కాదా అని ఒక అమ్మాయి అడిగింది. అవుతుంది. అందుకే చెప్పిన తీరును కాకుండా చెప్పిన విషయాన్ని చూస్తాను. ఎదుటి మనిషికి కావలసినది మీరు పట్టుకున్నారా లేదా అన్నదే నాకు లెక్క.

బల్ల దగ్గర నాకంటే పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళ పాత్రను "నువ్వు" అనవచ్చా?

విదేశీ రూల్‌బుక్కుల్లో ఈ ప్రశ్నే ఉండదు. మాకు ప్రతి కొత్త ఆటలోనూ వస్తుంది. డిగ్రీ చదివే కుర్రాడు జమీందారు పాత్రలో ఉంటాడు. అతనికి ఒకప్పుడు లెక్కలు చెప్పిన మాస్టారు గుర్రాలవాడి పాత్రలో ఉంటారు. జమీందారు గుర్రాలవాణ్ణి "మీరు దయచేసి గుర్రం తెస్తారా అండీ" అంటే ఆ లోకం అక్కడికక్కడే కూలిపోతుంది. "ఒరేయ్" అంటే కుర్రాడికి నోరు రాదు.

మేము చేసేది ఇది. ఆట మొదట్లో పెద్దవాళ్ళే తమ నోటితో "పాత్రలో ఉన్నంతసేపు ఏమన్నా పరవాలేదు" అని చెప్పాలి. నేను చెబితే చెల్లదు. పాత్ర బయట మాట్లాడేటప్పుడు మళ్ళీ మాస్టారూ, పిన్నీ, అన్నయ్యా, మీరూ అన్నీ యథాతథం. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే "జమీందారు గుర్రాలవాణ్ణి కసురుకున్నాడు" అని బయటి నుంచి చెబితే సరిపోతుంది. ఆ మాస్టారు మాత్రం పాత్రలో తిట్లు తినడం కోసమే వస్తారని నాకు గట్టి అనుమానం.

ముందే కథ రాసుకోకపోతే మీరు ఏం సిద్ధం చేసుకుంటారు?

ఒక చోటు, అక్కడ కొందరు మనుషులు, వాళ్ళలో ప్రతి ఒక్కరికీ ఒక కోరిక. ఆ కోరికలు ఒకదానికొకటి అడ్డం పడాలి. ఆటగాళ్ళు ఎవరూ రాకపోయినా అక్కడ ఏదో ఒకటి జరిగేలా ఉండాలి.

ఉదాహరణకు కళింగపట్నం, ఓడలు వచ్చిపోయే పాత కాలం, వంశధార సముద్రంలో కలిసే చోటు. సరంగుకు తుఫాను రాకముందే తెరచాప ఎత్తాలి. సుంకం అధికారికి తన వాటా ముట్టాలి. పాత బౌద్ధ స్థూపాలున్న శాలిహుండం గుట్ట మీద తవ్వి తెచ్చిన రాతి పెట్టెను దాచుకున్న ఒక వర్తకుడికి ఆ రాత్రే ఊరు దాటాలి. ఆ పెట్టె కోసం వచ్చిన ఒక ముసలి భిక్షువుకు తొందర ఏమీ లేదు, అదే భయపెట్టే సంగతి. ఇక ఒక తుఫాను గడియారం. కాగితం మీద వృత్తం గీసి ఆరు భాగాలు చేస్తాను. ఆటగాళ్ళు ఆలస్యం చేసినప్పుడల్లా, డైస్ ఎదురు తిరిగినప్పుడల్లా ఒక భాగం నల్లగా నింపుతాను. జాన్ హార్పర్ 2017లో తెచ్చిన బ్లేడ్స్ ఇన్ ది డార్క్‌లో ఈ గడియారాలను చాలా బాగా వాడాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి మెలకువగా ఉన్నవాళ్ళకు ఆరో భాగం నింపుతుంటే ఏమనిపిస్తుందో నేను వర్ణించనక్కరలేదు.

అదే ఆట నుంచి ఇంకోటి కూడా అరువు తెచ్చుకున్నాను. మనవాళ్ళకు చర్చ అంటే ప్రాణం. దొంగతనం చేయాలంటే మన మూడు లాంతర్ల కూడలి దగ్గర టీ తాగుతూ మాట్లాడినట్టు గంటన్నర పథకాలు వేస్తారు, దొంగతనం పది నిమిషాల్లో అయిపోతుంది. బ్లేడ్స్ ఇన్ ది డార్క్ పథకాన్ని దాటేసి నేరుగా పని మధ్యలోకి దింపుతుంది. అడ్డంకి ఎదురయ్యాక "నిన్ననే ఈ కాపలావాడికి డబ్బు ఇచ్చి వచ్చాను" అని వెనక్కి వెళ్ళి చెప్పుకోవచ్చు, దానికి కొంత మూల్యం ఉంటుంది. చర్చాప్రియులకు మొదట ఒళ్ళు మండుతుంది. తరువాత మానలేరు.

దెయ్యాల ఆటలు ఆడతారా? ఎంత దూరం వెళతారు?

ఆడతాం, వర్షాకాలంలో ఎక్కువగా. 1981లో శాండీ పీటర్సన్ రాసిన కాల్ ఆఫ్ క్తుల్హూ ఇప్పటికీ వీటన్నిటికీ పెద్దన్న. అందులో నైపుణ్యాలు వందకు ఇన్ని అని ఉంటాయి, డైస్ అంతకు మించి పడకూడదు. పాత్రకు ప్రాణంతో పాటు మతి స్థిమితానికి కూడా పాయింట్లు ఉంటాయి, చూడకూడనిది చూసినప్పుడల్లా తరుగుతాయి. శత్రువును చంపి గెలవడం దాదాపు ఉండదు. అర్థం చేసుకునే కొద్దీ నష్టపోవడమే ఆట. బలం పెంచుకోవడం ఇష్టపడేవాళ్ళు దీన్ని తట్టుకోలేరు, ముందే చెప్పేస్తాను.

ఎంత దూరం అన్నది ఆట మొదలు కాకముందే తేల్చుకుంటాం. బల్ల మీదికి అసలు రాకూడనివి కొన్ని. ఉన్నాయని తెలుస్తుంది కానీ వర్ణించనివి కొన్ని. ఈ రెండు గీతల పద్ధతికి కూడా మూలం రాన్ ఎడ్వర్డ్సే, ఇందులో ఆయనతో నాకు పేచీ లేదు. బొబ్బిలి ఆటలో కోటలోని స్త్రీల మరణం మాకు రెండో కోవ. అది జరిగిందని అందరికీ తెలుసు, ఎవరూ దాన్ని పాత్రలో ఆడరు. పిల్లల మీద హింస మొదటి కోవ. దీని మీద ఓటింగు ఉండదు. ఆట మధ్యలో ఎవరికైనా ఇబ్బంది కలిగితే బల్ల మీద ఎక్స్ గుర్తు వేసిన కార్డు ఉంటుంది. దాన్ని తాకితే కారణం అడగకుండా ఆ సంగతి పక్కన పెడతాం. జాన్ స్టావ్రోపౌలోస్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. "మనం అంత సున్నితులమా?" అని నవ్వినవాళ్ళు ఉన్నారు. కార్డును మొదట తాకింది వాళ్ళలో ఒకరే.

గేమ్ మాస్టర్ లేకుండా ఆడే ఆటలు ఉన్నాయా?

ఉన్నాయి. 2009లో జేసన్ మోర్నింగ్‌స్టార్ రాసిన ఫియాస్కోలో గేమ్ మాస్టర్ ఉండరు. పెద్ద ఆశలూ చిన్న బుర్రలూ ఉన్న మనుషులు ఒక పథకం వేసి, సర్వనాశనం చేసుకునే కథ అది, మూడు గంటల్లో అయిపోతుంది. మన ఊళ్ళ పెళ్ళి పందిళ్ళకూ రియల్ ఎస్టేటు వ్యవహారాలకూ ఇట్టే సరిపోతుంది. ఒక్కరే ఆడుకోవాలంటే షాన్ టామ్‌కిన్ 2018లో ఉచితంగా ఇచ్చిన ఐరన్‌స్వార్న్ ఉంది. నాకు ఒంటరి ఆట రుచించదు. ఎదుటి మనిషి అనుకోనిది చేయడమే నాకు కావలసింది.

మ్యాపులు, బొమ్మలు అవసరమా?

నాకు అవసరం లేదు. ఎవరు ఎక్కడున్నారో అర్థం కానప్పుడు కాగితం మీద నాలుగు గీతలు గీస్తాను, అగ్గిపుల్లలు పెడతాను.

ఏ భాషలో ఆడతారు?

తెలుగులో. పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి, వాటిని చదవాల్సింది నేను. హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క), లెవెల్ లాంటివి అలాగే అంటాం. శ్రీకాకుళం నుంచి వచ్చే ఇద్దరు పాత్రలో తమ యాస వదలరు, వాళ్ళు ఏ రాక్షసుడితో మాట్లాడినా ఆ రాక్షసుడు ఆమదాలవలసలో పుట్టినట్టే ఉంటాడు. నాకు అదే కావాలి.

ఖర్చు ఎంత?

ఆటగాళ్ళకు ఏమీ లేదు. నడపాలనుకునేవాళ్ళకు కూడా ఉచితంగా చాలా దొరుకుతాయి. డన్జియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ మూల నియమాలను 2023 జనవరిలో ఎవరైనా వాడుకోగల క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మొదటిసారి నడిపేవాళ్ళకు నేను ఇచ్చేది అది కాదు. జాన్ హార్పర్‌దే, 2013 నాటి లేజర్స్ అండ్ ఫీలింగ్స్, ఒకే ఒక్క పేజీ. పాత్రకు రెండు నుంచి ఐదు లోపు ఒకటే అంకె. బుద్ధితో చేసే పనికి డైస్ ఆ అంకెకు తక్కువ పడాలి, మనసుతో చేసే పనికి ఎక్కువ పడాలి. అంకె పెంచితే ఒకటి మెరుగై రెండోది చెడుతుంది. ఇంత చిన్న నియమంలో ఇంత మనిషిని పెట్టిన ఆట ఇంకోటి నేను చూడలేదు.

ఇది ఆడితే చదువు పాడవుతుందా?

తల్లిదండ్రుల ప్రశ్న. వారానికి ఒక మధ్యాహ్నం, ఫోన్లు పక్కన పెట్టి, ఎదురుగా మనుషులతో మాట్లాడే ఆట ఇది. మీరూ వచ్చి కూర్చోండి. ఒకావిడ అలా చూసిపోదామని వచ్చి ఇప్పుడు మా బల్లకు అత్యంత క్రూరమైన సముద్రపు దొంగ అయ్యారు.

ఎప్పుడు ఉండదు?

పరీక్షల నెలలో, సంక్రాంతికి, పైడితల్లి అమ్మవారి జాతరలో తొలేళ్ళు, సిరిమాను జరిగే వారంలో. ఆ వారం ఊళ్ళో జనం మధ్య బల్ల వేసే చోటే దొరకదు.

మీ తీరు నాకు నచ్చకపోతే?

చెప్పండి. ఒక ఆట చూశాక చెబితే మరీ మంచిది. అంకెలూ ఎత్తులూ ఇష్టమైతే మా బల్లలోనే ఒకరు నెలకోసారి గళ్ళ కాగితంతో పాత్‌ఫైండర్ అనే ఆట నడుపుతారు, అక్కడికి పంపిస్తాను. ఆయన రూల్‌బుక్‌లో ప్రతి పేజీకీ రంగు చీటీ అంటించి ఉంటుంది, ఏ నియమం అడిగినా మూడు క్షణాల్లో తీస్తారు. ముందే రాసిన పెద్ద కథలో ఒక వీరుడిగా నడవాలనుకుంటే అలాంటిది ప్రస్తుతం మా దగ్గర ఎవరూ నడపడం లేదు. మీరే నడపండి. బల్ల, కుర్చీలు, ఫ్యాను, టీ మావి. ఐదుగురికి మించి ఒప్పుకోకండి, ఆరో మనిషి వంతు వచ్చేసరికి మొదటి మనిషి ఫోను తీస్తాడు.